బీఫార్మ్ చేసి కెనడాలో ఫార్మసిస్ట్ అవ్వాలంటే: ఏ పని ముందు, ఏది తర్వాత

బీఫార్మ్ అయిపోయి కెనడా వైపు చూస్తున్న పిల్లలు నాకు ఫోన్ చేసి మొట్టమొదట అడిగేది "అన్నా, ఏ బుక్ చదవాలి?" అనే. బుక్ సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ పాస్‌పోర్టు, టెన్త్ మెమో, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) మూడూ పక్కపక్కన పెట్టి మూడింట్లో మీ పేరు ఒకేలా ఉందేమో చూడండి అంటాను. చాలామందికి చిరాకొస్తుంది, వీడెవడ్రా బాబూ పరీక్ష గురించి అడిగితే పేరు గురించి చెప్తున్నాడు అనుకుంటారు. కానీ నా సొంత కేసులో పరీక్షకి చదవడానికి పట్టిన టైమ్ కంటే కాగితాలు కెనడా చేరడానికి పట్టిన టైమే ఎక్కువ. అందుకే ఇక్కడ కూడా ఆ వరుసలోనే చెప్తున్నాను.

దానికంటే ముందు ఇంకో చిన్న లెక్క ఉంది. మీ డిగ్రీ ఏ దేశానికి పనికొస్తుంది? అమెరికా అయితే 2003 జనవరి 1 తర్వాత పాసైనవాళ్ళకి కనీసం ఐదేళ్ళ ఫార్మసీ కోర్సు ఉండాలి, కాబట్టి మన నాలుగేళ్ళ బీఫార్మ్‌తో విదేశీ ఫార్మసీ గ్రాడ్యుయేట్లకి అక్కడ పెట్టే ఎఫ్‌పీజీఈఈ పరీక్ష రాయనివ్వరు. పైన రెండేళ్ళు ఎంఫార్మ్ చేశాను కదా, మొత్తం ఆరేళ్ళు కదా అని వాదించి లాభం లేదు, ఫార్మసిస్ట్ అయ్యే మొదటి డిగ్రీయే ఐదేళ్ళది కావాలి. ఆరేళ్ళ ఫార్మ్‌డీ వాళ్ళకి ఈ అడ్డు లేదు. ఆస్ట్రేలియాలో పాత కాప్స్ పరీక్ష పోయి 2025లో ఓప్రా వచ్చింది. ఇంగ్లండ్‌లో అయితే ముందు ఓస్పాప్ అని ఏడాది కోర్సు చదవాలి, ఆ తర్వాత ఏడాది ట్రైనింగ్, ఆపైన పరీక్ష. గల్ఫ్‌కి వెళ్ళేవాళ్ళకి డేటాఫ్లో వెరిఫికేషన్, ప్రోమెట్రిక్ పరీక్ష, వాళ్ళ దారి వేరు. నాలుగేళ్ళ బీఫార్మ్‌తో, మళ్ళీ కాలేజీలో చేరకుండా నేరుగా పరీక్షకి కూర్చోగలిగేది కెనడాలో. డీఫార్మ్ ఒక్కటే ఉంటే మాత్రం అక్కడా కుదరదు, డిగ్రీ ఉండాల్సిందే.

ఇప్పుడు కాగితాలు. ఇండియాలో ఉండగానే, చేస్తున్న ఉద్యోగం మానకముందే ఈ పని పూర్తి చేసుకోండి.

పేరు దగ్గర మన తెలుగువాళ్ళకున్నంత తంటా ఇంకెవరికీ ఉండదేమో. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, డిగ్రీలో అదే ఇంటిపేరు ఒక్క అక్షరం అయి కూర్చుంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు విడదీసి సర్‌నేమ్ గడిలో వేస్తారు, లేదంటే ఆ గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరంతా గివెన్ నేమ్‌లో కుక్కేస్తారు. పెళ్ళయ్యాక ఆడపిల్లలు పాస్‌పోర్టులో భర్త ఇంటిపేరు మార్పించుకుంటే డిగ్రీకీ పాస్‌పోర్టుకీ ఇక పొంతనే ఉండదు. వెంకట, సత్య, నాగ, లక్ష్మి ఒకచోట కలిపి, ఒకచోట విడదీసి రాసి ఉంటారు. ఇవన్నీ ఒకే మనిషి అని మనకి తెలుసు, ఎక్కడో టొరంటోలో కూర్చుని ఫైల్ చూసేవాళ్ళకి తెలీదు. తేడా ఉంటే ఏం చేయాలంటే, నోటరీ దగ్గర ఫలానా పేరూ ఫలానా పేరూ ఒకే వ్యక్తివి అని అఫిడవిట్ చేయించి, పెళ్ళి వల్ల మారితే మ్యారేజ్ సర్టిఫికెట్ కూడా జత చేయాలి. ఇంకా మంచిది, పాస్‌పోర్టు రెన్యువల్ దగ్గర్లో ఉంటే ముందు దాన్నే సరిచేయించుకుని, అప్లికేషన్లన్నీ పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే పెట్టడం. పరీక్ష రోజు ఐడీ చూసి లోపలికి పంపేది ఆ పేరుతోనే.

తర్వాత నాప్రా. ఇది అక్కడి రాష్ట్రాల ఫార్మసీ నియంత్రణ సంస్థలన్నిటి ఉమ్మడి సంఘం. వీళ్ళు నడిపే ఫార్మసిస్ట్స్ గేట్‌వే కెనడా అనే సైట్‌లో పేరు నమోదు చేసుకుంటే మీకొక నేషనల్ ఐడీ నంబర్ వస్తుంది, తర్వాత ఎక్కడ అప్లై చేసినా ఈ నంబరే అడుగుతారు. అందులోనే మన స్థాయి మనం చూసుకునే సెల్ఫ్ అసెస్‌మెంట్ కూడా ఉంటుంది, ఊరికే నొక్కుకుంటూ పోకుండా నిజాయితీగా చేసి చూడండి, ఎక్కడ బోల్తా పడతామో ముందే తెలిసిపోతుంది.

నంబర్ చేతికొచ్చాక పీఈబీసీకి డాక్యుమెంట్ ఎవాల్యుయేషన్ కోసం అప్లై చేయాలి. పీఈబీసీ అంటే ఫార్మసీ ఎగ్జామినింగ్ బోర్డ్ ఆఫ్ కెనడా, 1963 నుంచి ఉంది, ఆఫీసు టొరంటోలో. ఇక్కడ చాలామంది తడబడేది ఒక్కచోటే: ట్రాన్‌స్క్రిప్ట్ మీరు పంపితే చెల్లదు, యూనివర్సిటీయే నేరుగా వాళ్ళకి పంపాలి. మీ దగ్గరున్న సీఎంఎం (అన్ని మార్కులూ కలిపిన మెమో) ఎంత అందంగా ల్యామినేషన్ చేయించి పెట్టుకున్నా దానితో పని జరగదు. అలాగే ఫార్మసీ కౌన్సిల్లో రిజిస్టర్ అయినట్టు, మీ మీద ఏ చర్యా లేనట్టు కౌన్సిల్ ఇచ్చే లెటర్ కూడా అక్కడినుంచే వెళ్ళాలి. 2008కి ముందు జేఎన్‌టీయూ ఒక్కటే, తర్వాత కాకినాడ, అనంతపురం, హైదరాబాద్ వేరువేరయ్యాయి, 2014లో రాష్ట్రం విడిపోయాక ఫార్మసీ కౌన్సిళ్ళూ రెండయ్యాయి. మీ ఓడీ మీద, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మీద ఏ పేరుందో చూసుకుని, మీ ఫైల్ ఇప్పుడు ఎవరి దగ్గరుందో ఫోన్‌లో గట్టిగా కనుక్కుని బయల్దేరండి. నేను ఒక ఆఫీసులో మూడు రోజులు బెంచీ మీద కూర్చున్నాక "ఇది మా దగ్గర కాదండీ" అన్నారు. అప్పటికే కొరియర్ కవర్లు కూడా కొనేసి ఉన్నాను.

ఇంకో ముక్క, ఇది ఇమిగ్రేషన్‌ది. శాశ్వత నివాసానికి అప్లై చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో మీ ప్రధాన వృత్తి ఫార్మసిస్ట్ అని, అంటే వాళ్ళ వృత్తుల జాబితాలో ఎన్‌ఓసీ కోడ్ 31120 అని చూపిస్తే, డిగ్రీ విలువ లెక్కకట్టే ఈసీఏ రిపోర్టు పీఈబీసీ నుంచే రావాలి. అందరూ చేయించుకుంటున్నారని వెస్ అనే ఇంకో సంస్థ దగ్గర చేయించుకుని ఆ కోడ్ వేస్తే డబ్బులూ పోతాయి, టైమూ పోతుంది. ఏం చేస్తున్నారో తెలుసుకోకుండా కన్సల్టెన్సీ వాళ్ళు నింపిన ఫారం మీద సంతకం పెట్టకండి. కన్సల్టెన్సీ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను: ఏదో కాలేజీలో ఏడాది ఫార్మా క్వాలిటీ డిప్లొమాలో చేరితే అక్కడే ఫార్మసిస్ట్ అయిపోతావు అని చెప్పి సీటు అమ్ముతారు. ఆ డిప్లొమాకీ లైసెన్స్‌కీ సంబంధం లేదు. వీసా కోసం చేరతానంటే అది మీ ఇష్టం, తెలిసి చేరండి, అంతే.

డాక్యుమెంట్లు ఓకే అయ్యాక వరసగా మూడు పరీక్షలు ఉంటాయి. మొదటిది ఎవాల్యుయేటింగ్ ఎగ్జామ్, మన చదువు అక్కడి ఫార్మసీ చదువుకి సాటిగా ఉందా లేదా అని చూసేది. ఇది కంప్యూటర్ మీద, అంతా మల్టిపుల్ చాయిస్. ఇది పాసైతే క్వాలిఫయింగ్ ఎగ్జామ్, దాంట్లో రెండు భాగాలు, మొదటిది మళ్ళీ మల్టిపుల్ చాయిస్, రెండోది ఓస్కీ, అంటే నటులు పేషెంట్లుగా, డాక్టర్లుగా కూర్చున్న గదుల్లోకి వెళ్ళి మాట్లాడి చూపించే పరీక్ష. ఓస్కీ కెనడా వచ్చి రాయాల్సిందే, కాబట్టి వీసా ప్లాన్ అప్పటికే ఉండాలి. ఇవి ఏడాదికి కొద్దిసార్లు మాత్రమే జరుగుతాయి, ఒక్క గడువు తప్పితే నెలలు ఆగాలి. ఎన్నిసార్లైనా రాసుకోవచ్చులే అని కూడా అనుకోవద్దు, ప్రయత్నాలకి పరిమితి ఉంది. ఊరికే ఒకసారి రాసి చూద్దాం అని ఎంసెట్ మోడల్ టెస్ట్‌లా వెళ్ళి ఒక అవకాశం పోగొట్టుకున్నవాడు నా క్లాస్‌మేటే ఉన్నాడు.

చదువు దగ్గరికి వద్దాం. మనం నాలుగేళ్ళూ చదివిందేంటి? టాబ్లెట్ ఎలా చేస్తారు, హెచ్‌పీఎల్‌సీ ఎలా పని చేస్తుంది, సెన్నా ఆకు అడ్డకోత బొమ్మ, మెడిసినల్ కెమిస్ట్రీలో సింథసిస్‌లు. ఇవి పూర్తిగా వృథా కాదు, ఎవాల్యుయేటింగ్ పరీక్షలో బయోమెడికల్, ఫార్మాస్యూటికల్ సైన్స్‌ల మార్కులు ఇవే తెచ్చిపెడతాయి. కానీ పరీక్షలో బరువంతా ఫార్మసీ ప్రాక్టీస్ మీద. అంటే కౌంటర్ దగ్గర ఒక మనిషి నిలబడి ఉంటే ఏం చేస్తావు అని. మన కాలేజీల్లో ఆ మనిషి ఉండడు. చదవడం అక్కడినుంచి మొదలుపెట్టండి, వచ్చిన సబ్జెక్టే మళ్ళీ మళ్ళీ చదివి తృప్తిపడొద్దు.

మొదటి రెండు వారాలు కేవలం భాష మార్చుకోవడానికి పెట్టుకోండి. ఇంగ్లిష్ కాదు, మందుల భాష. పారాసెటమాల్ అక్కడ అసిటామినోఫెన్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్, లిగ్నోకైన్ లిడోకైన్, పెథిడిన్ మెపెరిడిన్. డోలో, క్రోసిన్ అంటే ఎవరికీ తెలీదు, టైలెనాల్ అంటే తెలుస్తుంది. సాల్బ్యుటమాల్ మాత్రం కెనడాలో సాల్బ్యుటమాలే, అమెరికా బుక్స్ చదివేవాళ్ళు దాన్ని ఆల్బ్యుటెరాల్ అని బట్టీ పట్టి వచ్చేస్తారు. నిమెసులైడ్ అక్కడ లేనే లేదు.

దానికంటే పెద్ద దెబ్బ యూనిట్లు. షుగర్ మనకి మిల్లీగ్రాముల్లో అలవాటు, అక్కడ మిల్లీమోల్‌లలో. 18తో భాగిస్తే సరిపోతుంది, మన 126 వాళ్ళకి 7, మన 180 వాళ్ళకి 10. హిమోగ్లోబిన్ 12 అంటే వాళ్ళకి 120. క్రియాటినిన్ మన 1 వాళ్ళకి సుమారు 88, మైక్రోమోల్‌లలో. కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే క్రియాటినిన్ క్లియరెన్స్ ఫార్ములా కూడా ఆ యూనిట్లకి తగ్గట్టు మారుతుంది: 140లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, మగవాళ్ళకైతే 1.23తో, ఆడవాళ్ళకైతే 1.04తో గుణించి, సీరమ్ క్రియాటినిన్‌తో భాగించాలి. 70 ఏళ్ళ ఆవిడ, 60 కిలోలు, క్రియాటినిన్ 100 అనుకోండి. 70 ఇంటూ 60 ఇంటూ 1.04, బై 100, అంటే నిమిషానికి దాదాపు 44 మిల్లీలీటర్లు. 100 అనే అంకె చూసి మనవాళ్ళు కొందరు కిడ్నీలు పూర్తిగా పోయాయనుకుంటారు, కొందరు అసలు పట్టించుకోరు. ఆ 44 వచ్చాక ఆవిడ వాడే మందుల్లో డోసు తగ్గించాల్సింది ఏదో వెతకడమే అసలు ప్రశ్న. ఇలాంటి లెక్కలు రోజుకి పది చొప్పున చేతికి అలవాటయ్యేదాకా చేయండి.

చట్టం విషయంలో మన షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్ అన్నీ పక్కన పెట్టేయండి. అక్కడ నాప్రా జాబితాలో షెడ్యూల్ 1 అంటే ప్రిస్క్రిప్షన్ ఉండాల్సిందే, షెడ్యూల్ 2 అంటే ప్రిస్క్రిప్షన్ అక్కర్లేదు కానీ కౌంటర్ వెనకాల ఉంచి ఫార్మసిస్ట్ మాట్లాడి ఇవ్వాలి, షెడ్యూల్ 3 అంటే ఫార్మసీలో బయట అరలోనే ఉంటుంది, కావాలంటే అడగడానికి ఫార్మసిస్ట్ దగ్గర్లో ఉండాలి. మిగతావి కిరాణా కొట్లో కూడా దొరుకుతాయి. ప్రతి మందు మీదా డిన్ అనే ఎనిమిదంకెల నంబరు ఉంటుంది. మన మెడికల్ షాపులో చీటీ లేకుండా మూడు అజిత్రోమైసిన్ మాత్రలు కత్తిరించి ఇచ్చే అలవాటు ఉంటే పరీక్షలోనే కాదు, కలలో కూడా రాకుండా చూసుకోండి.

పుస్తకాల విషయానికొస్తే, సీపీఎస్ అనే మందుల రెఫరెన్స్‌లో ఎలా వెతకాలో నేర్చుకోండి, కెనడా ఫార్మసిస్టుల సంఘం తెచ్చేది, అక్కడ ప్రతి ఫార్మసీలో దాన్నే చూస్తారు. షుగర్‌కి డయాబెటిస్ కెనడా గైడ్‌లైన్స్, బీపీకి హైపర్‌టెన్షన్ కెనడా, రక్తం పలచబరిచే మందులకి థ్రాంబోసిస్ కెనడా, ఇవి చాలావరకు నెట్‌లో ఫ్రీగానే దొరుకుతాయి. అమెరికా లైసెన్స్ పరీక్ష నాప్లెక్స్ మెటీరియల్ చేతికి సులువుగా వస్తుంది కదా అని దాంతోనే కానిచ్చేస్తే యూనిట్లూ, చట్టాలూ, మందుల పేర్లూ అన్నీ కలగాపులగం అవుతాయి. కోచింగ్ కావాలా అంటే, మల్టిపుల్ చాయిస్ పరీక్షలకి నా లెక్కలో అక్కర్లేదు, డబ్బు దాచుకోండి. ఓస్కీకి మాత్రం పెట్టండి.

ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువగా ఇబ్బంది పడేది ఓస్కీలోనే. వరసగా గదులుంటాయి, ఒక్కో గదిలో ఒక నటుడో నటీమణో పేషెంట్‌గానో, డాక్టర్‌గానో, నర్సుగానో కూర్చుని ఉంటారు, పక్కన మార్కులు వేసే పరీక్షకుడు నోరు మెదపకుండా చూస్తుంటాడు. ఒక్కో గదిలో పది నిమిషాలు కూడా ఉండవు. బెల్ కొట్టగానే తలుపు మీద సమస్య చదువుకుని లోపలికెళ్ళాలి.

ఒక ఉదాహరణ చెప్తాను. ఒక తల్లి వచ్చి దగ్గు సిరప్ కావాలి అంటుంది. మనవాడు వెంటనే ఏ సిరప్ మంచిదో మొదలుపెడతాడు, డోసు కూడా మిల్లీలీటర్లలో తప్పు లేకుండా చెప్తాడు, హాయిగా బయటికొస్తాడు, ఫెయిలవుతాడు. ఎవరికి అని అడగలేదు కాబట్టి. అడిగితే నాలుగేళ్ళ బాబుకి అని చెప్పేది. ఆరేళ్ళలోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు వాడొద్దని హెల్త్ కెనడా 2008లోనే చెప్పింది. కాబట్టి వరస ఇలా ఉండాలి: ఎవరికి, ఎన్నేళ్ళు, ఎన్నాళ్ళనుంచి, జ్వరం ఉందా, ఊపిరి తీసుకోవడం ఎలా ఉంది, తాగుతున్నాడా తింటున్నాడా, ఇంతకుముందు ఏమైనా జబ్బులు, అలర్జీలు, ఇప్పటికే ఏమైనా ఇచ్చారా. తర్వాత సిరప్ ఎందుకు ఇవ్వట్లేదో ఆవిడకి కోపం రాకుండా చెప్పాలి, రాత్రంతా నిద్ర లేదన్న ఆవిడ బాధ విన్నట్టు ఒక్క మాట అనాలి, ఏడాది దాటిన పిల్లాడే కాబట్టి కొంచెం తేనె ఇవ్వొచ్చనీ, నీళ్ళు బాగా తాగించమనీ, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలో చెప్పాలి. ఈ గదిలో మార్కు మందు అమ్మనందుకు వస్తుంది. మనకి ఇది మింగుడు పడడానికి టైమ్ పడుతుంది.

ఇంకో రకం గది డాక్టర్‌తో మాట్లాడేది. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడే పెద్దాయనకి కోట్రైమోక్సజోల్ అనే యాంటీబయోటిక్ రాశారు. ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం కొలత) పెరిగి రక్తస్రావం కావొచ్చని మనకి తెలుసు, ఇంటరాక్షన్ బట్టీ కొట్టేశాం. కానీ డాక్టర్‌కి ఫోన్ చేయగానే "సార్, సారీ సార్, డిస్టర్బ్ చేస్తున్నాను సార్" అని మొదలుపెట్టి సమస్య చెప్పి ఆగిపోతాం, ఆయన "సరే, మరి ఏం ఇమ్మంటావు?" అని అడిగితే నోట మాట రాదు. ఫోన్ చేసేముందే ప్రత్యామ్నాయం చేతిలో ఉండాలి, పేరు, డోసు, ఎన్ని రోజులు, దాంతో సహా. సార్లు అక్కర్లేదు, డాక్టర్ ఫలానా అంటే చాలు.

ప్రాక్టీస్ చేసేటప్పుడు రూమ్మేట్ తెలుగువాడైతే వాడితో మొదలుపెట్టండి కానీ వాడితోనే ఆపొద్దు. మన యాస మనకి అర్థమవుతుంది, మన వేగం మనకి అలవాటే, సగంలో మింగేసిన పదం కూడా వాడు పూరించుకుంటాడు, కాబట్టి ఎక్కడ తప్పుతున్నామో తెలియనే తెలియదు. నేను ఈజిప్టు నుంచి వచ్చిన ఒకావిడతో, ఫిలిప్పీన్స్ అబ్బాయితో కలిసి చేశాను. మొదటి రోజు ఆవిడ "నువ్వు నన్ను ప్రశ్నలు అడగట్లేదు, పోలీసు విచారణ చేస్తున్నావు" అంది. ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వింటే నిజమే అనిపించింది, ఆమె జవాబు చెప్పేలోపే తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోతున్నాను. అప్పటినుంచి ప్రతి గదిలో మొదటి నిమిషం వినడానికే అని పెట్టుకున్నాను. టెన్షన్‌లో తల ఆడించే అలవాటు కూడా చూసుకోండి, మనం అటూ ఇటూ ఊపితే అది అవునో కాదో వాళ్ళకి అంతుపట్టదు.

ఈలోపు బతకడానికి ఉద్యోగం కావాలి కదా. ఫార్మసీ అసిస్టెంట్ పనికి లైసెన్స్ అక్కర్లేదు, జీతం తక్కువే అయినా కౌంటర్ దగ్గర జనం ఎలా మాట్లాడతారో, ఇన్సూరెన్స్ ఎందుకు తిరస్కరిస్తుందో, బ్లిస్టర్ ప్యాక్ ఎలా కడతారో రోజూ కళ్ళారా చూస్తారు. అమెజాన్ గోడౌన్‌లో గంటకి ఒకటిన్నర డాలర్ ఎక్కువ వచ్చినా ఇదే మేలని నేననుకుంటాను. అసిస్టెంట్, టెక్నీషియన్ ఒకటి కాదని గుర్తుంచుకోండి, టెక్నీషియన్‌కి వేరే పరీక్షలు, వేరే లైసెన్స్.

మూడు పరీక్షలూ పాసైతే పీఈబీసీ సర్టిఫికెట్ ఆఫ్ క్వాలిఫికేషన్ ఇస్తుంది. దాంతోనే పని మొదలుపెట్టేయొచ్చనుకుంటారు, అది లైసెన్స్ కాదు. లైసెన్స్ ఇచ్చేది రాష్ట్రం. ఒంటారియోలో అయితే ఒంటారియో కాలేజ్ ఆఫ్ ఫార్మసిస్ట్స్, పేరు చూసి చదువుకునే కాలేజీ అనుకోకండి, మన ఫార్మసీ కౌన్సిల్ లాంటిదే అది. అక్కడ జూరిస్‌ప్రుడెన్స్ (ఫార్మసీ చట్టం) పరీక్ష, ఇంగ్లిష్ స్కోరు, ఒక ఫార్మసీలో సీనియర్ కళ్ళ ముందు పని చేసి చూపించడం, ఇవన్నీ ఉంటాయి. ప్రతి రాష్ట్రానిదీ కొంచెం కొంచెం తేడా. క్యుబెక్ అయితే పూర్తిగా వేరు, ఆర్డర్ అని పిలిచే అక్కడి ఫార్మసిస్టుల నియంత్రణ సంస్థ పీఈబీసీ పరీక్షలు అడగదు కానీ ఫ్రెంచ్ రావాలి.

జూరిస్‌ప్రుడెన్స్‌ని తేలిగ్గా తీసుకోకండి, అది బట్టీకి లొంగదు. ఒంటారియోలో 2023 జనవరి 1 నుంచి ఫార్మసిస్టే 13 చిన్న జబ్బులకి మందు రాయొచ్చు, అదే ఏడాది అక్టోబర్‌లో ఇంకో ఆరు కలిపి 19 చేశారు. కండ్లకలక, మొటిమలు, మామూలు మూత్రనాళ ఇన్ఫెక్షన్ లాంటివి. మూత్రంలో మంట అని వచ్చిన ఆవిడకి మీరే యాంటీబయోటిక్ రాయొచ్చు, కానీ ఆవిడ గర్భవతి అయినా, జ్వరమో నడుము పక్కన నొప్పో ఉన్నా, వచ్చింది మగాయన అయినా డాక్టర్ దగ్గరికి పంపాల్సిందే. రాశాక ఆవిడ కావాలంటే ఆ ప్రిస్క్రిప్షన్ పట్టుకుని వేరే ఫార్మసీకి వెళ్ళి మందు కొనుక్కోవచ్చు, మా దగ్గరే కొనాలి అని మీరు అనకూడదు.

చివర్లో లయబిలిటీ ఇన్సూరెన్స్, పోలీస్ క్లియరెన్స్ మిగులుతాయి. ఇండియాలో ఉన్న కాలానికి కూడా క్లియరెన్స్ అడిగితే పాస్‌పోర్టు పేరుతోనే తీసుకోండి. నాకు అఫిడవిట్ మళ్ళీ తీయాల్సి వచ్చింది ఇక్కడే. మొత్తం రెండున్నరేళ్ళు పట్టింది, అందులో ఏడు నెలలు ఒక సీల్డ్ కవర్ కోసం.